డ్యూటీ ఫోను మోగిన ఆదివారం

మన పెద్దమ్మాయి వాళ్ళమ్మకు,

ఆశీర్వదించి రాస్తున్నాను. ఇక్కడ పెద్దమ్మాయి, మనవరాలు, నేను ఒంటికి బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, చిన్నమ్మాయి, పురిటిబిడ్డ కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. ఓడ మీద ఉన్న అల్లుడి దగ్గర్నుంచి కూడా కబురు వచ్చింది. కులాసానే. దిగడానికి ఇంకా టైముంది.

"ఒంటికి" అని ఎందుకు రాశానో కిందికి వెళ్ళేకొద్దీ నీకే తెలుస్తుంది. కంగారు పడకు.

నీ ఉత్తరం చేరింది. "ఫోన్లో ఆ, ఊ తప్ప మూడో మాట లేదు. గొడ్డు కూడా ఇంతకంటే నయం. కాగితం మీదైనా నాలుగు ముక్కలు రాయండి" అన్నావు. సబబే. బట్టలు కుట్టేవాడి నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి, మాటకు చోటెక్కడ? మిషను మూలన పెట్టి ఇన్నాళ్ళయినా ఆ సూదులు ఉన్నట్టే ఉంటుంది నాకు. పైగా ఈ ఇంట్లో వంటింట్లో చెంచా పడితే పడగ్గదిలో వినపడుతుంది. ఇక్కడ నిలబడి నీతో ఫోన్లో ఏం చెప్పను?

ఇప్పుడు పొద్దున్న. మనవరాలు బడికి వెళ్ళింది. పెద్దమ్మాయి తన గదిలో తలుపేసుకుని పని చేసుకుంటోంది. భోజనాలయ్యాక దానికి ఆఫీసు మీటింగు ఉంది. మామూలు మీటింగు కాదు. అందుకే నాకు కాలూచేయీ ఆడక ఈ కాగితం ముందేసుకున్నాను.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. పిల్లకు దగ్గు తగ్గింది. నేను ముందు తాగి చూపిస్తే గానీ మందు తాగదు. దాని దగ్గుతో పాటు నాకు లేని దగ్గు కూడా తగ్గిపోయింది. నా మోకాలు మెట్లు ఎక్కేటప్పుడే గుర్తొస్తోంది, మిగతా వేళల్లో తన దారిన తనుంటోంది. పెద్దది వేళకు తింటోందా అని అడిగావు. కంచం నిండుగా గదిలోకి వెళ్తుంది, సగంతో బయటికి వస్తుంది. నేనేమీ అనడం లేదు.

"కుర్చీలో కూర్చుని చేసే పనికి అంత అలుపేమిటి? అసలు అది చేసేదేమిటి?" అనీ అడిగావు. నాకు తెలిసినంత చెబుతాను. ఆసుపత్రుల్లో రక్తం తీసి పరీక్ష చేస్తారు కదా, ఆ ఫలితం డాక్టరు ముందున్న కంప్యూటర్లోకి వెళ్ళాలి. అలా తీసుకెళ్ళే ప్రోగ్రాము వీళ్ళ కంపెనీది. ఎన్నో ఆసుపత్రులకు అదే. అది ఆగిందంటే ఎక్కడి ఫలితాలు అక్కడే నిలిచిపోతాయి. మంచం మీద మనిషి, పక్కన డాక్టరు, ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చోవాలి.

అందుకని వీళ్ళ జట్టులో వారానికొకరు డ్యూటీ ఫోను మోస్తారు. ఎక్కడన్నా పని ఆగితే ఆ ఫోను మోగుతుంది. మోత అంటే మామూలు మోత కాదు, ఇల్లు అంటుకున్నట్టు మోగుతుంది. అద్దం మీద ఒక పచ్చ గుర్తు వస్తుంది. అది నొక్కితే "నేను చూశాను, నేను చూసుకుంటాను" అని మాట ఇచ్చినట్టు. ఎవరూ నొక్కకపోతే కాసేపటికి రెండో మనిషి ఇంట్లో మోగుతుంది, ఆ తర్వాత మూడో మనిషికి. నొక్కితే మాత్రం ఇంకెవరికీ మోగదు. ఇది వాళ్ళ పద్ధతి. ఈ ముక్క బాగా గుర్తు పెట్టుకో.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. డ్యూటీ ఫోను మోయనివాళ్ళు జట్టుకు లీడు, అంటే పెద్ద, కాలేరు. ఈ నెలలోనే ఒకరిని లీడును చేస్తారు. పోటీలో మిగిలింది ఇద్దరు. ఒకరు మన అమ్మాయి. రెండోవాడు, తెరమీద ఎప్పుడు చూసినా గడ్డమే ముందు కనపడుతుంది గనక నేను గడ్డం అంటాను, వాడికి పని నేర్పింది మన అమ్మాయే. "అక్కా అక్కా" అంటూ దీని వెనకే తిరిగేవాడట. ఇప్పుడు భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డాడు.

దీని దారి నీకు తెలియంది కాదు. మొదటి ఉద్యోగంలో వేరేవాళ్ళు రాసినదాంట్లో తప్పులు వెతకమన్నారు. ఆడపిల్లలకు ఓపిక ఎక్కువని అందరినీ తీసుకెళ్ళి అక్కడే కూర్చోబెట్టారు. అక్కడి నుంచి సొంతంగా ప్రోగ్రాములు రాసే కుర్చీకి రావడానికి ఏళ్ళు పట్టింది. కడుపుతో ఉన్నప్పుడు కొన్నాళ్ళు డ్యూటీ ఫోను తప్పించండి అని అడిగితే "అందరికీ ఒకటే రూలు" అన్నారు. ఉద్యోగం వదిలేసింది. పిల్ల నడక నేర్చాక అదే ఆఫీసుకు తిరిగి వెళ్తే కింది మెట్టు చూపించారు. ఎక్కిన మెట్లే మళ్ళీ ఎక్కింది. "మానేయమనండి, ఇంట్లో హాయిగా ఉంటుంది" అని నువ్వు రాశావు. దానితో ఆ మాట నేను అనలేను. కారణం పిరికితనం అనుకున్నా సరే.

ఇక ఆదివారం సంగతి. నీకు అమ్మాయి ఫోన్లో చెప్పిందే. ఆ వారం ఫోను దానిది. రోజూ నిద్రలో లేపుతూనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం సోఫాలో పిల్లకు కథ చెబుతూ, రాజు అడవికి వెళ్ళాడో లేదో తేలకుండానే నిద్రపోయింది. అది నిద్రలో ఉండగా ఫోను మోగింది. ఎవరో నొక్కారు. మాట ఇచ్చినట్టయింది, రెండో మనిషికి మోగలేదు. అమ్మాయి లేచేసరికి పొద్దు వాలింది, ఆసుపత్రులన్నీ గగ్గోలు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. కానీ ఒక డాక్టరు ఫలితం చేతికి రాక రోగిని ఇంకో ఆసుపత్రికి పంపించేశాడట.

దాని ఫోనులోంచే జవాబు వెళ్ళినట్టు కంప్యూటర్లో ఉంది. దానికేమో గుర్తు లేదు. "నిద్రలో నేనే నొక్కి ఉంటాను నాన్నా" అంది. నాతోనూ అదే, నీతోనూ అదే, ఆఫీసులోనూ అదే.

ఆ రోజు నుంచి అది మనిషి మనిషిగా లేదు. స్టవ్ ఆపి వచ్చి కూర్చుంటుంది, మళ్ళీ లేచి వెళ్ళి చూస్తుంది, చూసొచ్చి నన్ను చూడమంటుంది. తాళం వేసి మెట్లు దిగి మళ్ళీ ఎక్కుతుంది. నిన్న "పిల్లకు స్నానం నువ్వు చేయించు నాన్నా, నాకు భయంగా ఉంది" అంది. దేనికి భయం అంటే, "నీళ్ళ దగ్గర పిల్లను పెట్టుకుని నేనేం చేస్తున్నానో నాకే తెలియకపోతే?" అంది. నువ్వు తలకు స్కాను తీయించమన్నావు కదా, అపాయింట్‌మెంటు తీసుకుంది.

మొన్న టీ ఇవ్వడానికి గదిలోకి వెళ్ళేసరికి మేనేజరు మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందంటే, పరుపు మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది.

"మిమ్మల్నెవరూ తప్పు పట్టడం లేదు మేడమ్. చిన్నపిల్ల, ఆయన దగ్గర లేరు. మనుషులమే కదా! మీటింగులో మీ అంతట మీరే ఒక మాట అనేయండి, అలసటగా ఉంది, కొన్నాళ్ళు డ్యూటీ ఫోను వద్దు అని. అక్కడితో ఈ గొడవ మూసేద్దాం."

"మరి లీడు సంగతి?"

"అదెక్కడికి పోతుంది? ఆరోగ్యం కంటే ఎక్కువా చెప్పండి?"

ఆ తర్వాత గడ్డం ఫోను చేశాడు. "అక్కా, నిద్రలో కూడా పని చేసేది ప్రపంచంలో నువ్వొక్కదానివే! అన్నీ నేర్పావు, ఈ విద్య మాత్రం దాచుకున్నావు చూశావా?"

అమ్మాయి నవ్వింది. ఫోను పెట్టేశాక దాని ముఖం చూడలేకపోయాను.

"వాళ్ళన్నదే నయం నాన్నా. నా బుర్ర మీద నాకే నమ్మకం లేనప్పుడు అంతమంది రోగుల సంగతి నా చేతికి ఎలా ఇస్తారు? ఫోను ఇచ్చేస్తాను."

నేను టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేశాను. ఇవాళ ఆ మీటింగే.

ఇంతవరకు వచ్చాక కలం కదలడం లేదు. తిప్పి తిప్పి రాసినా చివరికి రాయాల్సింది ఒక్కటే.

ఆ ఫోను నొక్కింది నేను.

పిల్ల దాని ఒళ్ళో నిద్రపోతోంది. తల్లీకూతుళ్ళిద్దరికీ నోరు తెరుచుకుని ఒకటే నిద్ర. ఎన్నాళ్ళకో దాని నుదురు ముడి విప్పుకుంది. బల్ల మీద ఫోను కూతపెట్టింది. అమ్మాయి పచ్చ గుర్తు నొక్కితే మోత ఆగడం రోజూ చూస్తున్నాను. అలారం గడియారం పీక నొక్కినట్టే అనుకున్నాను. నొక్కాను. ఆగింది. దాన్ని మెత్త కింద పెట్టి, దుప్పటి కప్పి, వెళ్ళి బట్టలు మడత పెట్టుకున్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను. చూశావా, ముట్టుకోకుండా వదిలేస్తే రెండో మనిషికి మోగి పని జరిగిపోయేది. నేను ఏమీ చేయకుండా ఉండాల్సింది, అదొక్కటే నాకు చేతనైన పని, ఆ రోజే తప్పాను.

అమ్మాయి గగ్గోలు పడుతుంటే మొదట నాకు అర్థం కాలేదు. మర్నాడు పిల్ల "అమ్మా, పచ్చది నొక్కితే ఏమవుతుంది?" అని అడిగితే అది విడమరిచి చెప్పింది. అప్పుడు తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను. "ఏం నాన్నా?" అంది. "ఏం లేదు" అన్నాను. తర్వాత ఇంకో భయం పట్టుకుంది. ఆ ఫోను బయటివాళ్ళు ముట్టుకోకూడదు, అది ఇంకా పెద్ద తప్పట. నేనని తెలిస్తే దాని ఉద్యోగమే పోతుందేమో. నేనని తెలియకపోతే అది తనకే పిచ్చి పట్టిందనుకుంటోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడింది నేను కాదు, అది. నిలబెట్టింది నేను.

ఇంతసేపూ నీకు రాయగలిగాను. అది పక్క గదిలోనే ఉంది. ఉండు.

———

ఇప్పుడు సాయంత్రం. మళ్ళీ రాస్తున్నాను.

తలుపు తట్టాను. మీటింగుకు జుట్టు దువ్వుకుంటోంది. నోట్లో పిన్ను ఉంది. "భోజనం మీటింగయ్యాక చేస్తాను నాన్నా" అంది.

"ఆదివారం ఫోను నేను నొక్కాను" అన్నాను.

పిన్ను తీసి చేతిలో పట్టుకుంది. "ఏంటి?"

"మోగింది. నువ్వు నిద్రపోతున్నావు. నొక్కి మెత్త కింద పెట్టాను."

"నేను కాదా?"

"కాదమ్మా."

"నిజంగా నేను కాదా?"

అది కింద కూర్చుండిపోయింది. నేను కూడా మోకాలు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ముందు నవ్వు వచ్చింది దానికి. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు. ఆ తర్వాత వచ్చింది చూడు కోపం! నీ పోలికే.

"ఇన్ని రోజులు ఎలా ఊరుకున్నావు నాన్నా? స్టవ్ చూసిరా అంటే వెళ్ళి చూసొచ్చావు! పిల్లకు స్నానం చేయించమంటే చేయించావు! నాకు పిచ్చెక్కిందని నేను ఏడుస్తుంటే టీ ఇచ్చావు!"

"భయమేసిందమ్మా."

"నీకా? నాకు వెయ్యలేదా?"

దానికి జవాబు ఉంటే నువ్వే చెప్పు.

"నేను వచ్చి వాళ్ళకు చెబుతాను. తప్పు నాదని" అన్నాను.

"నువ్వు చెబితే కూతుర్ని కాపాడుకోవడానికి అబద్ధమాడాడు పెద్దాయన అంటారు. ఇక్కడ కూర్చో. కెమెరాకు కనపడకు. దగ్గావంటే ఊరుకోను."

మంచం చివర కూర్చున్నాను. ఒక్కొక్క ముఖమే తెరమీదికి వచ్చింది. దగ్గు రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మేనేజరు పరుపు గొంతుతో "మేడమ్, మీరే మొదలుపెట్టండి. ఏదో అంటానన్నారు" అన్నాడు.

"ఆదివారం ఫోను నొక్కింది నేను కాదు. మా నాన్న. మోత ఆపడానికి నొక్కారు. నాకు ఇవాళే తెలిసింది."

గడ్డమే అందుకున్నాడు. "అక్కా, నాన్నగారిని కూడా జట్టులో వేసుకున్నావా? జీతమెంత?"

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు నవ్వలేదు. "ఇది ఇంకా పెద్ద విషయం కదా మేడమ్. డ్యూటీ ఫోను బయటివాళ్ళ చేతికి ఇవ్వకూడదని మీకు తెలుసు."

"తెలుసు. బల్ల మీద వదిలి నిద్రపోయాను. ఆ తప్పు నాది, రాసుకోండి. కానీ ఒక్కటి అడుగుతాను, అందరూ నిజం చెప్పండి. మీ వారంలో ఫోను మోగితే మీ ఇంట్లో మొదట లేచేది ఎవరు?"

ఇది ఎక్కడికి పోతోందో నాకు తెలియదు. దానికీ తెలుసో లేదో.

చివరికి వాళ్ళల్లో అందరికంటే పెద్దాయన, అందరూ బాబాయ్ అని పిలుస్తారు, గొంతు సవరించుకున్నాడు. "ఎందుకమ్మా దాచుకోవడం. మా ఆవిడే. నాది మొద్దు నిద్ర. ఆవిడ కాలితో తన్ని లేపకపోతే నన్ను ఎప్పుడో ఇంటికి పంపించేవాళ్ళు."

అందరూ నవ్వారు. ఇంకొకడు "మా అమ్మ" అన్నాడు.

"నువ్వు చెప్పు తమ్ముడూ" అంది అమ్మాయి గడ్డంతో.

వాడు గడ్డం గోక్కున్నాడు. "మా ఆవిడే అక్కా. ఒకట్రెండుసార్లు తనే నొక్కేసి, తర్వాత నన్ను లేపింది."

"మీ అందరిళ్ళలో లేపేవాళ్ళున్నారు. నా ఇంట్లో లేపకుండా దుప్పటి కప్పే మా నాన్న ఉన్నారు. తేడా అంతే. ఎవరో ఒకసారి నొక్కితే చాలు, పని మొదలైందో లేదో చూడకుండా ఫోను నోరు మూసుకుంటోంది. నొక్కాక కాసేపట్లో పని మొదలుకాకపోతే మళ్ళీ మోగాలి, రెండో మనిషికీ మోగాలి. అది నేను రాస్తాను."

"అది చూద్దాం. ప్రస్తుతానికి ఆ ఫోను మాత్రం…" అన్నాడు మేనేజరు.

"ఇవ్వనండి."

"మీ మంచికే చెబుతున్నాను."

"కడుపుతో ఉండి బతిమాలితే అందరికీ ఒకటే రూలన్నారు. ఇవాళ నేను అడగలేదు, మీరు తీసుకోకండి."

నేను దాని చేతుల వైపే చూస్తున్నాను. బల్ల కింద కొంగును నలిపి నలిపి తాడులా పేనేసింది. తెరమీద మాత్రం రాయిలా ఉంది.

మేనేజరు హెచ్చరిక కాగితం వస్తుందన్నాడు. లీడు మాట ఎత్తలేదు, అమ్మాయీ అడగలేదు. వస్తుందో రాదో తెలియదు. గడ్డానికే వస్తుందేమో. ఫోను మాత్రం వరసలో దాని వంతు దానికే ఉంది. ఇంతే జరిగింది. నువ్వు ఇంతకంటే ఎక్కువ ఊహించుకోకు, తక్కువ కూడా ఊహించుకోకు. స్కాను వద్దంది. నువ్వు కూడా ఉద్యోగం మానెయ్యమని ఇంకోసారి అనకు. ఇది నేను చెబుతున్న మాట, అమ్మాయి చెప్పమన్నది కాదు.

నన్ను తిట్టాలంటే ఉత్తరంలో తిట్టు. ఫోన్లో వద్దు.

మీటింగు అయ్యాక చాలాసేపు నాతో మాట్లాడలేదు. పిల్ల బడి నుంచి వచ్చింది, దాని పనులు అది చూసుకుంది. తర్వాత పెద్దమ్మాయి వచ్చి నా ఎదురుగా సోఫాలో పడుకుని కళ్ళు మూసుకుంది.

"నాన్నా, ఫోను మోగింది అనుకో. లేపు."

"అమ్మాయీ" అన్నాను.

"వినపడలేదు."

"అమ్మాయీ, లే."

"ఇలా లేపితే పక్కింటి పిల్లి కూడా లేవదు. ఫోను ముట్టుకోకూడదు. జాలి పడకూడదు. ఎంత అలసిపోయినా, జ్వరంతో ఉన్నా, ఏడ్చి పడుకున్నా లేపాలి. లేపుతావా లేదా? నువ్వు లేపుతావన్న నమ్మకం లేకపోతే నేను నిద్రపోలేను."

నా జన్మలో దానిమీద గొంతెత్తలేదు. నీకు తెలుసు. దాని నిద్ర మొహం చూస్తూ రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. అది కళ్ళు తెరవలేదు, ఎదురుచూస్తోంది.

"లేవే!" అన్నాను. "లేవవే, మోగుతోంది!"

పిల్ల ఒక కాలికి చెప్పుతో పరిగెత్తుకొచ్చింది. పైవాటా ఆవిడ కిటికీ తెరిచి "ఏమైందండీ?" అని అడిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దమ్మాయి కళ్ళు మూసుకునే ఉంది. దాని పెదవి చివర కదిలింది.

"ఇంకొంచెం గట్టిగా నాన్నా" అంది.

ఇట్లు,
గొంతు బొంగురుపోయిన
నీ పెనిమిటి